పెరటి వసారాలో మిక్సర్ బల్ల

డిసెంబరు ఏడు, ఆదివారం, ఉదయం పది దాటి పది నిమిషాలు. హాజరైనవారు: నేను, మా ఆవిడ, తొలి బస్సుకి బందరు నుంచి వచ్చిన మా అక్కయ్య శిష్యురాలు. స్థలం అన్నచోట మొదట ‘పెరటి వసారా’ అని రాశాను. తరవాత దాన్ని కొట్టేసి ‘వంటిల్లు’ అని రాశాను. నా డైరీల్లో కొట్టివేతలు అరుదు. ఈ ఒక్కదాని వెనక ఏడు నెలల పని, ఆ తరవాత ఏడాదికి పైగా మౌనం ఉన్నాయి.

నేను నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. ఉద్యోగం ఎక్కువకాలం దివిసీమలో, అవనిగడ్డ చుట్టుపక్కల కాలవల మీదే గడిచింది. తూము తనిఖీకి వెళ్లినా, గట్టుకి పడిన గండి చూడటానికి వెళ్లినా నివేదికలో మొదటి వాక్యం తేదీ, రెండోది హాజరైనవారు. ఆ అలవాటు ఆఫీసులో ఆగలేదు. ఇంట్లో పెళ్లిచూపులకీ, పంపుసెట్టు రిపేరుకీ, ఊరగాయ కలిపిన రోజుకీ నా డైరీలో అదే తీరు. మా అక్కయ్య ఇంటికొచ్చినవాళ్లతో చెప్పి నవ్వేది. “మా తమ్ముడింట్లో ఇడ్లీ తిన్నా హాజరుపట్టీలో సంతకం పెట్టాలమ్మా,” అనేది.

అక్కయ్య బందరులో సముద్రం వైపు ఉన్న బడిలో టీచరు. బావగారు చిన్న వయసులోనే పోయారు, పిల్లల్లేరు. వేటకి వెళ్లేవాళ్ల పిల్లలకీ, చేపలమ్మేవాళ్ల పిల్లలకీ ఎక్కాలు చెబుతూ ముప్ఫై ఏళ్లు గడిపింది. కేకు చెయ్యడం ఆమెకి మొదటి హెడ్మిస్ట్రెస్ నేర్పిందట. అప్పటి నుంచీ తరగతిలో ఎవరి పుట్టినరోజైనా అక్కయ్య కేకు ఉండేది. పుట్టినరోజు ఎప్పుడో ఇంట్లో ఎవరికీ తెలియని పిల్లలుంటే వాళ్లకి ఆమే ఒక తేదీ పెట్టేది. రిటైరయ్యాక గుడివాడలో మా ఇంటికి వచ్చేసింది. రెండు ట్రంకు పెట్టెలు, ఒక బీరువా, మూత మీద గుండ్రటి గాజు అద్దం ఉన్న అల్యూమినియం ఓవెన్, ఒక పెద్ద స్టీలు బేసిన్. సామాను మొత్తం అంతే. డైరీలో జాబితా ఉంది.

ఆమె కేకు చేసే తీరు చెప్పకపోతే తరవాతి సంగతి అర్థం కాదు. వెన్న, పంచదార పొడి బేసిన్‌లో వేసుకుని, పీట మీద కూర్చుని, బేసిన్‌ని రెండు పాదాల మధ్య బిగించి, కుడి అరచేత్తో కొట్టేది. ఒకటే దిక్కుకి, నలభై నిమిషాలు. మధ్యలో ఎవరు పిలిచినా చెయ్యి ఆపేది కాదు, దిక్కు మార్చేది కాదు. మొదట్లో తడిబట్ట బండ మీద వేసినట్టు బరువుగా చప్పుడొచ్చేది. ఎంతోసేపటికి అది పలచబడి, పసిపిల్లలు చప్పట్లు కొట్టినంత మెత్తగా అయ్యేది. అప్పుడు ఆపేది. “రంగు చూస్తే మోసపోతాంరా. చెవితో వినాలి,” అనేది. నాకు ఎన్నిసార్లు విన్నా తేడా తెలియలేదు. నాకు స్కేలు మీద గీత ఉంటేనే నమ్మకం.

ఇదంతా పెరటి వసారాలో జరిగేది, వంటింట్లో కాదు. మా ఇంట్లో గుడ్డు వంటింటి గడప దాటకూడదు. అది మా అమ్మ పెట్టిన నియమం. అమ్మ పోయాక కూడా మా ఆవిడ దాన్ని అలాగే ఉంచింది. అక్కయ్య వచ్చిన మొదటి వారంలోనే, ఎవరూ చెప్పకుండానే, గుడ్ల బుట్టని వసారాలో మేకుకి తగిలించింది. ఓవెన్‌కి అక్కడే ఒక ప్లగ్గు పెట్టించాం. వసారాకీ వంటింటికీ మధ్య ఒక కిటికీ. అటువైపు మా ఆవిడ పప్పు తాలింపు వేస్తుంటే ఇటువైపు అక్కయ్య బేసిన్ చప్పుడు. పదిహేనేళ్లు ఆ ఇద్దరూ ఆ కిటికీలోంచే మాట్లాడుకున్నారు. కేకు అయ్యాక వీధిలో పిల్లలకి పంచేది, నేను వసారాలోనే నిలబడి నా ముక్క తిని, అక్కడే చెయ్యి కడుక్కునేవాణ్ణి. మా ఆవిడకి మాత్రం ఎవరం పెట్టేవాళ్లం కాదు. నొచ్చుకుంటుందేమో అని.

పోయిన ఏడాది ఫిబ్రవరిలో అక్కయ్య కుడి భుజం పట్టేసింది. జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేవదు. డాక్టరు గారు మందులిచ్చి, వ్యాయామం చెప్పి, గుండె కూడా కాస్త నీరసంగా ఉందని నన్ను పక్కకి పిలిచి చెప్పారు. ఈ రెండో మాట నేను అక్కయ్యకి చెప్పలేదు, డైరీలో మాత్రం రాశాను. బేసిన్ గోడకి ఆనించి పెట్టి రెండు నెలలైంది. ఒకరోజు కాఫీ తాగుతూ అక్కయ్య అంది: “ఆ పిండి కలిపే మిషన్లు వచ్చాయటగా. ఒకటి కొనరా. నాకోసం కాదు. బందరు పిల్లకి నా కేకు నేర్పుతానన్నాను, అది ఎన్నేళ్ల నుంచో అడుగుతోంది.”

బందరు పిల్ల అంటే ఇప్పుడు నలభై దాటిన మనిషి. అక్కయ్య దగ్గర ఐదో తరగతి దాకా చదివింది. వాళ్ల నాన్నకి పడవ ఉండేది, అమ్మ చేపలు అమ్మేది. పెళ్లయి, పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఇంట్లోనే కేకులు చేసి ఆర్డర్ల మీద ఇస్తోంది. ఎన్ని రకాలు చేసినా టీచరు గారి కేకు మాత్రం రాలేదని ఆమె దిగులు. “రాసివ్వమంటే నాలుగుసార్లు రాసిచ్చారండీ మావయ్యగారూ. నాలుగు కాగితాల్లో నాలుగు రకాల కొలతలు,” అంది ఫోన్లో. అక్కయ్య పక్కనుంచి, “కొలతల్లో ఏముందే, కొట్టడంలో ఉంది,” అంది.

ఆ రోజే పని మొదలుపెట్టాను. మంచి నోటుబుక్కు ఒకటి తీసి నిలువు గీతలు కొట్టాను. గిన్నె ఎన్ని లీటర్లు, మోటారు ఎన్ని వాట్లు, బరువెంత, తల వెనక్కి వాలేదా లేక గిన్నె పైకి లేచేదా, ఇచ్చే కొక్కేలు ఉక్కువా, పూత పూసినవా, రిపేరుకి విజయవాడ వెళ్లాలా, ఇంటికే వస్తారా. వెన్నా పంచదారా కలపడానికి ఆకులాంటి చదునైన బ్లేడు, గుడ్ల నురగకి తీగల బుట్టలాంటిది, రొట్టె పిండికి కొక్కెం. ఇవి మూడూ అందరూ ఇచ్చేవే. కానీ ఆ చదునైన బ్లేడు గిన్నె అడుగుకి ఎంత దూరంలో తిరుగుతుందో ఎవరూ రాయరు. దూరం ఎక్కువైతే అడుగున వెన్న ముద్దగా మిగిలిపోతుంది. విజయవాడ షాపులకి ఫోన్లు చేసి అది ఎన్ని మిల్లీమీటర్లు అని అడిగాను. ఒకాయన, “సార్, మీరు కేకే చేస్తారా, ఇంకేమైనా చేస్తారా?” అని అడిగాడు. కొన్ని మిషన్లతో సేమ్యాలు ఒత్తేదీ, మాంసం కొట్టేదీ కూడా వేరే తగిలించుకోవచ్చని పుస్తకంలో ఉంది. అది చదివి వినిపిస్తే అక్కయ్య, “మనిషికి దేవుడు రెండు చేతులే ఇచ్చాడు. దీనికి మూడిచ్చారు, చాల్లేరా,” అంది.

మా ఆవిడ నా బల్ల పక్కనుంచి వెళుతూ కాగితాల వంక చూసి, “మిక్సర్ కొంటున్నారా, కాలవ తవ్వుతున్నారా?” అని అడిగింది.

నా పద్ధతికి నా దగ్గర ఒక జవాబు ఉండేది. దివిసీమలో ఒక తూముకి స్థలం ఎంచడానికి రెండేళ్లు చూశాం. మూడు చోట్ల మట్టి తీశాం, రెండు వానాకాలాలు నీళ్ల మట్టం రాసుకున్నాం. తొందరపడి కట్టిన పక్క తూము మూడో ఏటికి కూలింది, మాది ఇప్పటికీ నిలబడే ఉంది. ఆ కథ అక్కయ్యకి చెప్పాను. ఆమె పూర్తిగా విని, “ఆ తూముకి తొందర లేదు కదరా,” అంది. ఈ మాట కూడా డైరీలో రాశాను.

జులైలో మిషను కళ్లారా చూద్దామని ఇద్దరం బందరు వెళ్లాం. శిష్యురాలి ఇంట్లో ముందుగది అంతా కేకు పెట్టెలే. గట్టు మీద ఎర్ర రంగు మిక్సర్, చిన్నది. ఆరోజు ఏదో ఆర్డరుకి గుడ్ల నురగ తిరుగుతోంది. అక్కయ్య దాని పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుని, ఎడమ చెయ్యి దాని తల మీద పెట్టింది, బడిలో పిల్లల తల మీద పెట్టినట్టే. కాసేపు కళ్లు మూసుకుంది.

“ఇది గుడ్ల చప్పుడే పిల్లా. వెన్న వేరే పాట పాడుద్ది. మా మిషను వచ్చాక గుడివాడ రా, వినిపిస్తాను.”

“ఎందుకండీ టీచర్ గారూ, ఇదే పట్టుకెళ్లండి. ఈ ఆర్డరు సాయంత్రానికి అయిపోద్ది. వచ్చే వారం దాకా నాకు పనిలేదు. నేనూ మీతోపాటే వస్తాను.”

అక్కయ్య నా వంక చూసింది. నేను వద్దన్నాను. ఆ గిన్నె మూడున్నర లీటర్లదే, వసారాలో దానికి తగ్గ ప్లగ్గు ఇంకా పెట్టించలేదు, పెట్టడానికి బల్ల లేదు, పైగా ఒక మిషను మీద అలవాటుపడితే రెండోదాని మీద చెయ్యి కుదరదు. కారణాలన్నీ వరసగా చెప్పాను. శిష్యురాలు, “మావయ్యగారు అన్నీ చూసుకునేవరకూ వదలరు,” అని నవ్వేసింది. తిరుగు రైల్లో అక్కయ్య కిటికీ పక్కన కూర్చుంది. అప్పుడే నాట్లు పడుతున్నాయి. పెడన దాటేదాకా నాట్లు వేసేవాళ్లనే చూసింది. దాటాక, “ఏదో ఒకటి తెచ్చెయ్యరా,” అంది. “తెస్తానుగా,” అన్నాను.

అసలు ఆలస్యం మిక్సర్‌ది కాదు, బల్లది. వసారాలో గట్టు లేదు. అక్కయ్య కుర్చీలో కూర్చుని చూసుకోవాలి కాబట్టి బల్ల ఎత్తు ఇరవై ఏడు అంగుళాలు ఉండాలి. మిక్సర్ తల వెనక్కి వాలితే పైన గుడ్ల బుట్ట మేకుకి తగలకూడదు. పడమటి వాన జల్లు పడకుండా రేకు ఒక అడుగు బయటికి రావాలి. ఇవన్నీ కొలతలకి గీసి, మొవ్వ నుంచి వడ్రంగి మేస్త్రిని పిలిపించాను. ఆయన బొమ్మ చూసి తల గీక్కున్నాడు. “బానే గీశారండి. కర్ర మాత్రం ఆరాలి. పచ్చి కర్రతో చేశానంటే వానకి వంకర తిరుగుద్ది, తరవాత నన్ను తిడతారు,” అన్నాడు. పద్ధతిగల మాట అనిపించింది. కర్ర ఆరడానికి రెండు నెలలు ఆగాం. ఆ రెండు నెలలూ అక్కయ్య రోజూ ఉదయం వసారాలోకి వచ్చి, గోడకి చేరవేసిన కర్రల మీద చెయ్యి వేసి చూసేది.

అక్టోబరు ఆఖరి వారంలో బల్ల వచ్చింది. రేకు వేశారు, ప్లగ్గు పెట్టారు. నా పట్టికలో ఐదు లీటర్ల గిన్నెది ఒకటి మిగిలింది. దాని బ్లేడు అంచుకి రబ్బరు ఉంది, అడుగు తుడుచుకుంటూ తిరుగుతుంది. గురువారం ఆర్డరు పెట్టాను. అక్కయ్య బందరు ఫోన్ చేసి ఆదివారం తరవాత ఎప్పుడైనా రమ్మంది. శనివారం ఉదయం ఆరున్నరకి కాఫీ తీసుకెళ్లిన మా ఆవిడ కేక వేసింది. నేను వెళ్లేసరికి అక్కయ్య పక్క మీద గోడవైపు తిరిగి ఉంది. నిద్రలోనే పోయిందని డాక్టరు గారు అన్నారు. సోమవారం ఇంటి నిండా బంధువులు ఉండగా పెట్టె వచ్చింది. తెచ్చినతను గుమ్మం ముందు చెప్పులు చూసి సందేహిస్తూ నిలబడ్డాడు. సంతకం పెట్టి, అలవాటు కొద్దీ టైము వేశాను.

కర్మలన్నీ అయ్యాక ఆ ఏడు నెలల డైరీ ముందేసుకుని కూర్చున్నాను. “ఏదో ఒకటి తెచ్చెయ్యరా” అన్న వాక్యం నాలుగుచోట్ల ఉంది. మే, జులై, ఆగస్టు, అక్టోబరు. నాలుగూ నా చేత్తో, తేదీతో, ఎవరెవరు ఉండగా అందో దానితో సహా రాసి ఉన్నాయి. డాక్టరు గారి మాట అంతకు ముందు పేజీల్లోనే ఉంది. అన్నీ రాసినవాణ్ణి నేనే. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదవడం మాత్రం ఎప్పుడూ చెయ్యలేదు.

అప్పుడు మా ఆవిడ వచ్చి ఎదురుగా కూర్చుంది. వసారా వైపు చూస్తూ, “ఆ బల్ల కోసమేనా ఇన్ని నెలలు ఆగింది?” అని అడిగింది. అవునన్నాను. వంటింట్లో గుడ్డు పనికిరాదు కదా అన్నాను.

“గుడ్డూ లేదు, గాడిదగుడ్డూ లేదు. నన్ను ఒక్క మాట అడిగితే గట్టు మీద గ్రైండరు తీసేసి అక్కడే పెట్టించేదాన్ని. మా పుట్టింట్లో గుడ్లు తినేవాళ్లమే. అత్తయ్యగారి నియమం, వదినగారు బాధపడతారేమో అని నేను ఉంచాను.”

అక్కయ్య మాత్రం అది మరదలి పట్టింపు అనుకుని పదిహేనేళ్లు వసారాలో కూర్చుంది. ఇద్దరి మధ్యా ఒక కిటికీ. నేను అటూ ఇటూ తిరుగుతూ ఇద్దరి మాటలూ రాసుకున్నవాణ్ణి. పెదపారుపూడిలో మా అత్తగారింటి పెరట్లో కోళ్లగూడు ఉండేదని పెళ్లయిన ఏటి డైరీలో నేనే రాశాను.

పెట్టె విప్పలేదు. అక్కయ్య బీరువా పక్కన ఏడాదికి పైగా ఉంది. మా ఆవిడ దుమ్ము తుడిచేది, నేను అటు చూడకుండా వెళ్లేవాణ్ణి. సంవత్సరీకం వెళ్లాక శిష్యురాలికి ఫోన్ చేసి ఆ మిక్సర్ తీసుకెళ్లమన్నాను. నీకు నేర్పాలనే కొనిపించిందమ్మా అన్నాను. “తీసుకెళ్లడానికి రాను మావయ్యగారూ. ఒకసారి అక్కడే చేద్దాం,” అంది.

అలా డిసెంబరు ఏడున ఆమె వచ్చింది. చేతిలో గుడ్ల బుట్ట. టీచరు గారింటికి ఎప్పుడొచ్చినా అలవాటైన దారి అదే కాబట్టి సందులోంచి తిన్నగా పెరట్లోకి వెళ్లి, వసారాలో బల్ల మీద బుట్ట పెట్టబోయింది. నేనూ కలం తీసి స్థలం రాసేశాను. కిటికీలోంచి మా ఆవిడ గొంతు వినబడింది. “అక్కడెందుకమ్మా. లోపలికి రా.” శిష్యురాలు నా వంక చూసింది. నేను పుస్తకంలో గీత కొట్టాను.

వంటింటి గట్టు మీద గ్రైండరు లేదు. ఎప్పుడు తీయించిందో నాకు తెలియదు. పెట్టె విప్పి, చదునైన బ్లేడు తగిలించి, వెన్నా పంచదారా వేశాం. మిషను తిరగడం మొదలుపెట్టింది. శిష్యురాలు చెవి దగ్గరగా పెట్టి వింటోంది. రెండు నిమిషాలకి ఆపి చూసి మళ్లీ వేసింది. “తెలవట్లేదండీ. మోటారు చప్పుడే వినపడతంది. టీచర్ గారు ఉంటే చెప్పేవారు,” అంది. కళ్లు తుడుచుకుంది.

“కాస్త నెమ్మది చెయ్యి,” అంది మా ఆవిడ. పొయ్యి దగ్గర మాకు వీపు పెట్టి నిలబడి, పప్పు కలుపుతోంది. శిష్యురాలు వేగం తగ్గించింది. మా ఆవిడ గరిటె ఆగింది. “ఇంకా లేదు... బరువుగానే ఉంది... ఇంకాస్త.” నాకు మామూలుగానే ఏమీ తెలియలేదు. మా ఆవిడ మిషను వంక చూడకుండా, కిటికీకి ఎదురుగా తలెత్తి, అవతలి వైపు ఎవరో కూర్చున్నట్టు వింటోంది. “ఆఁ, ఇప్పుడు. ఆపెయ్యి.”

శిష్యురాలు ఆపింది. వేలితో తీసి చూసింది. వెళ్లి మా ఆవిడ భుజం మీద తల పెట్టుకుంది.

కేకు సాయంత్రం దాకా ఆరింది. శిష్యురాలు తన ముక్క తిని, ఇదేనండీ అంది. చీకటి పడకముందే ఆమెను బస్సెక్కించాం. మిక్సర్ పట్టుకెళ్లమంటే, ఇక్కడే ఉండనివ్వండి, నేనే వస్తుంటాను అంది. అక్కయ్య ఫొటో ముందు ఒక ముక్క పళ్లెంలో పెట్టి, మూత పెట్టాను.

డిసెంబరు ఎనిమిది, సోమవారం, ఉదయం ఆరున్నర. హాజరైనవారు: నేను, మా ఆవిడ. మూత తీస్తే ముక్కకి ఒక మూల విరిగి ఉంది. చీమలూ లేవు, పిల్లీ రాలేదు. ఇంతకు ముందైతే అలాగే రాసుకుని ఊరుకునేవాణ్ణి. ఈసారి వంటింట్లోకి వెళ్లి, నువ్వు తిన్నావా అని అడిగాను.

“తిన్నాను,” అంది కాఫీ వడపోస్తూ. “ఇన్నేళ్లూ కిటికీలోంచి వాసనే చూశాను. ఆవిడ తినమనలేదు, నేను పెట్టమనలేదు.”

మిగిలిన ముక్కని ఇద్దరం వసారాలో ఆ బల్ల దగ్గర కూర్చుని తిన్నాం. కర్ర బాగా ఆరింది, ఎక్కడా వంకర లేదు. వెన్న కలవడానికి ఆ మిషనుకి ఐదు నిమిషాలు పట్టింది, అక్కయ్య చేతికి నలభై నిమిషాలు పట్టేది. నాకు ఏడు నెలలు పట్టింది, ఆ ఏడు నెలల్లో ఒక్క రోజు కూడా రాయకుండా పోలేదు.